నీళ్లలో దీపం: కృష్ణలో హంస వాహనం నుంచి మావయ్య స్విమ్మింగ్ పూల్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

మా మావయ్య కంకిపాడు దగ్గర, వరి చేల పక్కన ఇల్లు కట్టుకుంటున్నాడు. ఎన్నాళ్ల కోరికో, వెనక పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కూడా పెట్టించుకుంటున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్. "ఏరా, నువ్వు బీటెక్ చదివావుగా. పూల్‌లో ఏ లైట్లు పెట్టించాలో చెప్పు. రిసార్టుల్లోలాగా నీళ్లన్నీ నీలంగా మెరవాలి." నేను చదివింది కంప్యూటర్ సైన్స్. కానీ మా ఇళ్లలో బీటెక్ అంటే ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి శాటిలైట్ దాకా అన్నీ తెలియాలి కదా. సరే చూస్తాలే అన్నాను.

ఆ ఆదివారం అందరం సైట్ దగ్గర కలిశాం. లైట్ల మాట వినగానే మా పిన్ని మొహం మారిపోయింది. "నీళ్లలో కరెంటా? అన్నయ్యా, నీకేమన్నా పిచ్చా? రేపు నీ మనవడు అందులోనే ఈత కొట్టాలి."

పిన్ని ఊరికే అనలేదు. వాళ్లది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి ఇళ్ల మీదికి వచ్చినప్పుడు వాళ్ల గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వార్తే మనందరికీ గుర్తుంది. సింగ్ నగర్ వాళ్లకి మాత్రం గుర్తున్నది ఇంట్లోకి వచ్చిన నీళ్లు. ఏరియాలో ఇంకా కరెంట్ తీయలేదు. ఇంటి పత్రాలున్న సంచీ కింద ఉండిపోయిందని బాబాయ్ మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. ఫ్రిజ్ ప్లగ్గు నీళ్లలోనే ఉంది. రెండడుగులు వేశాడో లేదో, కాళ్లు జివ్వుమన్నాయి. వెనక్కి పడ్డాడు కాబట్టి మెట్ల మీద పడ్డాడు. ముందుకి పడుంటే ఈ ఎపిసోడ్ నేను చేసేవాణ్ణి కాదు. ఒక విషయం గమనించండి. అంత జరిగినా బోర్డులో ఏ స్విచ్చూ పడిపోలేదు. ఎందుకు పడలేదో తర్వాత చెప్తాను.

పిన్ని అడిగింది చాలా కరెక్ట్ ప్రశ్న. నీళ్లలో దీపం పెట్టొచ్చా? పెడితే నీళ్లలో మనిషి ఉండొచ్చా? దీనికి జవాబు షాపులో దొరకలేదు, చరిత్రలో దొరికింది.

దీపం నీళ్ల మీద, నీళ్లలో కాదు

మన బెజవాడ వాళ్లకి నీళ్లలో వెలుగు కొత్త కాదు. దసరా చివర్లో, విజయదశమి సాయంత్రం, కృష్ణలో తెప్పోత్సవం జరుగుతుంది. దుర్గా మల్లేశ్వరుల ఉత్సవ మూర్తులు హంస వాహనం ఎక్కుతారు. ఘాట్ నిండా జనం. వాహనం మీది లైట్లు నీళ్లలో పొడుగ్గా సాగి కనిపిస్తాయి. కార్తీక మాసంలో తెల్లవారకముందే ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. నది మీద చుక్కల వరస కదులుతున్నట్టు ఉంటుంది.

ఈ రెండింటిలో కామన్ పాయింట్ ఏంటి? దీపం పైన ఉంది, నీళ్లు కింద ఉన్నాయి. నీళ్లు చేసే పని అద్దం పనే. నిప్పుకీ నీళ్లకీ మధ్య పడవ చెక్కో, అరటి దొప్పో ఉంది. నదిలో ప్రవాహం ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో హంస వాహనాన్ని నదిలో తిప్పకుండా ఒడ్డునే ఉంచి పూజలు చేస్తారు. అంటే అందం కంటే ముందు నీటి సంగతి చూడాలని మన పెద్దవాళ్లకి బాగా తెలుసు.

మరి వెలుగు నీళ్ల లోపలి నుంచి రావడం ఎప్పుడు మొదలైంది? 1879లో ఎడిసన్ బల్బు వచ్చింది. ఐదేళ్లకే, 1884లో, లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శనలో సర్ ఫ్రాన్సిస్ బోల్టన్ అనే ఆయన రంగుల ఎలక్ట్రిక్ ఫౌంటెన్లు చూపించాడు. జనం ఎగబడ్డారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలోనూ ఇలాంటి ఫౌంటెన్లే పెద్ద ఆకర్షణ. అప్పట్లో టెక్నిక్ ఏంటంటే, ఫౌంటెన్ కింద పొడి గది ఉంటుంది. అందులో దీపాలు, పైన మందపాటి గాజు, గాజు కింద రంగు అద్దాలు. మనుషులే లోపల నిలబడి రంగులు మార్చేవాళ్లు. చూసేవాళ్లకి దీపం నీళ్లలో ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఒక్క చుక్క కూడా దీపాన్ని తాకదు.

మనకి దగ్గర్లో ఈ ముచ్చట చూపించింది మైసూరు. దివాన్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో, కృష్ణరాజసాగర్ డ్యామ్ కింద బృందావన్ గార్డెన్స్ 1932కి తయారైంది. రంగుల లైట్లలో ఫౌంటెన్లు చూడటానికి స్కూల్ ఎక్స్‌కర్షన్లు, హనీమూన్ జంటలు, మన సినిమా షూటింగులు అన్నీ అక్కడికే. మా అమ్మమ్మ వాళ్ల ఆల్బమ్‌లో కూడా ఆ ఫౌంటెన్ ముందు దిగిన ఫోటో ఒకటి ఉంది. మావయ్య ఊహలో ఉన్న నీలం నీళ్లు బహుశా ఆ ఫోటో నుంచే వచ్చాయి.

అయితే ఫౌంటెన్‌లో ఎవరూ దిగరు, దూరం నుంచి చూస్తారంతే. పూల్ అలా కాదు. అసలు సమస్య అక్కడే మొదలైంది.

25 ఆంపియర్ల తలనొప్పి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇంటి పెరట్లో పూల్ కట్టుకోవడం బాగా పెరిగింది. పూల్ గోడలో ఒక గూడు చేసి, అందులో సీల్ చేసిన బల్బు పెట్టేవాళ్లు. 300 వాట్లు, 500 వాట్లు, అంతంత పెద్ద బల్బులు. ఆ వేడిని చుట్టూ ఉన్న నీళ్లే చల్లార్చాలి. నీళ్లు లేకుండా వెలిగిస్తే కాసేపట్లో పాడైపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. వాట్లు అంటే వోల్టులు ఇంటూ ఆంపియర్లు. 300 వాట్ల బల్బుని 12 వోల్టుల మీద వెలిగించాలంటే 25 ఆంపియర్లు కావాలి. 25 ఆంపియర్లు అంటే బొటనవేలంత కేబుల్, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, ఖర్చు. అదే ఇంటి కరెంటు మీద వెలిగిస్తే సన్న వైరు చాలు. అందుకే చాలాచోట్ల నేరుగా ఇంటి కరెంటునే నీళ్లలోకి తీసుకెళ్లారు. అమెరికాలో అది 120 వోల్టులు. సీల్ బాగున్నన్నాళ్లూ ఏమీ కాదు. రబ్బరు వాషర్ ఎండి పగిలిన రోజున మాత్రం పూల్ మొత్తం ప్రమాదమే.

మనిషిని చంపడానికి ఎంత కరెంటు కావాలి? దీని మీద జీవితమంతా పనిచేసిన మనిషి చార్లెస్ డాల్జీల్, బర్కిలీలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్. వలంటీర్ల మీద జాగ్రత్తగా కొలిచాడు. చేతిలో ఉన్న తీగని మనిషి తనంతట తాను వదిలేయగలిగే హద్దు మగవాళ్లలో సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లలో సుమారు 10.5 అని తేలింది. అది దాటితే కండరాలు బిగుసుకుపోతాయి. వదలాలనుకున్నా వదల్లేం. పూల్‌లో కండరాలు బిగుసుకుంటే మునిగిపోతాం.

ఇప్పుడు బాబాయ్ కథకి వద్దాం. పిన్ని వాళ్ల బోర్డులో ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. 16 ఆంపియర్లు అంటే 16 వేల మిల్లీ ఆంపియర్లు. ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. బాబాయ్ కాళ్లలోంచి 50 మిల్లీ ఆంపియర్లు వెళ్తుంటే, ఎంసీబీ లెక్కలో అది చిన్న బల్బు వెలిగినట్టే. అందుకే అది పడిపోలేదు. పాడై కాదు. ఆ పని దానిది కానే కాదు.

మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. దాని ఆలోచన చాలా సింపుల్. ఫేజ్‌లో ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో లీక్ అవుతోందన్నమాట, ఆ లీక్ ఒక మనిషి కావచ్చు. వెంటనే కట్ చేసెయ్. 1950లలో దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్, ఆస్ట్రియాలో గాట్‌ఫ్రీడ్ బీగెల్‌మయర్ దీని మీద పనిచేశారు. 1961లో డాల్జీల్ 5 మిల్లీ ఆంపియర్ల తేడాకే కట్ చేసేది తయారుచేశాడు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ దాన్ని మొట్టమొదట తప్పనిసరి చేసినవాటిలో పూల్ లోపలి లైట్లు ఉన్నాయి, 1968లో. వంటింటి కంటే ముందు, బాత్‌రూమ్ కంటే ముందు పూల్ లైటు! మన బోర్డుల్లో దాని పేరు ఆర్‌సీసీబీ. ఇళ్లకి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది వాడతారు.

నీలం ఎల్‌ఈడీ అసలు మేలు

ఇక రెండో మలుపు. 1993లో జపాన్‌లో షూజీ నకమురా బాగా ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీ తయారుచేశాడు. ఎరుపు, పచ్చ అప్పటికే ఉన్నాయి. నీలం మీద పసుపు ఫాస్ఫర్ పూస్తే తెల్ల వెలుగు వచ్చింది. 2014లో అకసాకి, అమానోలతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. సరిగ్గా ఆ ఏడాది అక్టోబర్‌లోనే హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టింది. ఆ తర్వాత విశాఖ వీధి దీపాలన్నీ ఎల్‌ఈడీకి మారాయి. పాత బల్బు ఇచ్చి కొత్త ఎల్‌ఈడీ బల్బు తెచ్చుకున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

పూల్ లైట్ల యాడ్స్ చూడండి. అన్నిట్లోనూ రంగులే, రిమోటే, యాపే. నా దృష్టిలో ఎల్‌ఈడీ పూల్‌కి చేసిన అసలు మేలు రంగులు కావు, తక్కువ వోల్టేజీ. మావయ్య పూల్ సుమారు 8 మీటర్లు బై 4 మీటర్లు. 18 వాట్ల ఎల్‌ఈడీలు రెండు చాలు, మొత్తం 36 వాట్లు. 12 వోల్టుల మీద అది 3 ఆంపియర్లే. ఒకప్పటి 25 ఆంపియర్ల తలనొప్పి పోయింది. ఇక ఇంటి కరెంటుని నీళ్లలోకి తీసుకెళ్లడానికి సాకే లేదు.

తడిసిన ఒంటికి సుమారు వెయ్యి ఓమ్‌ల నిరోధం అనుకుందాం. 230 వోల్టులు తగిలితే 230 మిల్లీ ఆంపియర్లు, మనిషి పోతాడు. 12 వోల్టులైతే 12 మిల్లీ ఆంపియర్లు. అది కూడా పూర్తిగా ఫర్వాలేదని కాదు. అందుకే 12 వోల్టులు ఒక్కటే చాలదు. ఆ 12 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ సేఫ్టీ ఐసోలేటింగ్ రకం అయ్యుండాలి. అంటే ఇంటి కరెంటుకీ, పూల్ వైరుకీ మధ్య తీగ సంబంధం ఉండదు. అయస్కాంత క్షేత్రం మాత్రమే ఉంటుంది. హంస వాహనం కింద పడవ చెక్క చేసే పనే ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ చేస్తుంది. చవక అడాప్టర్ మీద 12 వోల్టులు అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఈ అడ్డు ఉందని గ్యారంటీ లేదు.

కంకిపాడులో ఏం చేశాం

సైట్‌కి మొదట వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక ఫ్లడ్ లైట్ తెచ్చాడు. "వాటర్‌ప్రూఫ్ సార్, డైరెక్ట్ 230 ఇచ్చేయొచ్చు" అన్నాడు. తిప్పి చూస్తే ఐపీ65 అని ఉంది. ఐపీ తర్వాత రెండో అంకె నీళ్ల గురించి. 5 అంటే పైపుతో కొట్టే నీళ్లని తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతులో అరగంట. ఎప్పుడూ నీళ్లలోనే ఉండాలంటే 8 కావాలి, అదీ పూల్ కోసమే చేసినదై ఉండాలి. ఆ లైట్‌ని గేటు దగ్గరికి పంపించేశాం.

ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టాలి? అంతర్జాతీయ ప్రమాణాలు పూల్ చుట్టూ జోన్లు గీస్తాయి. నీళ్లు జోన్ 0. అంచు నుంచి 2 మీటర్లు జోన్ 1. ఇంకో ఒకటిన్నర మీటర్లు జోన్ 2. కాబట్టి మూడున్నర మీటర్ల అవతల పెడితే గొడవ లేదు. మాది పంపు గదిలో పెట్టాం, 25 మీటర్ల దూరం. దూరం పెరిగితే ఇంకో చిక్కుంది. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ 25 మీటర్లు వెళ్లి రావాలంటే 50 మీటర్లు. నిరోధం సుమారు 0.6 ఓమ్. ఒక్కో లైటుకి ఒకటిన్నర ఆంపియర్లు. దారిలోనే 0.9 వోల్టు పోతుంది. 230లో 0.9 పోతే ఎవరికీ తెలీదు. 12లో పోతే లైటు మీద తేడా పడుతుంది. అందుకని 4 స్క్వేర్ ఎంఎం వేశాం, నష్టం 0.35కి తగ్గింది.

తర్వాతది మన డెల్టా స్పెషల్. కాలవలకి నీళ్లు వదిలి, వానలు పడ్డాయంటే ఇక్కడ భూగర్భ జలం బాగా పైకి వస్తుంది. అప్పుడు పూల్ ఖాళీ చేస్తే ఏమవుతుంది? కాంక్రీటు తొట్టె కిందున్న నీళ్లు దాన్ని పడవలా పైకి తోస్తాయి. పగుళ్లు రావచ్చు, ఏకంగా లేచిపోవచ్చు. అంటే లైటు పోయినప్పుడల్లా పూల్ ఖాళీ చేయడం కుదరదు. దానికి ఉపాయం గూట్లోనే రెండు మీటర్ల కేబుల్ చుట్టి పెట్టడం. స్క్రూ తీసి, లైటుని గట్టు మీదికి లాగి, పొడి నేల మీద కూర్చుని మార్చుకోవచ్చు. నీళ్ల కింద జాయింటు ఎక్కడా ఉండకూడదు. జాయింటు పెట్టె నీటి మట్టం కంటే పైనే ఉండాలి. ఈ గూడు, పైపు అన్నీ కాంక్రీటు పోయకముందే బిగించాలి. ఇనుప కడ్డీలు, నిచ్చెన, చేతి రాడ్లు అన్నీ ఒకే రాగి తీగతో కలపాలి. అప్పుడు నిచ్చెన పట్టుకున్న చేతికీ, నీళ్లలో ఉన్న కాలికీ మధ్య వోల్టేజీ తేడా రాదు. అవనిగడ్డ వైపు ఉప్పు బోర్లున్న చోట అయితే స్టీలు కూడా మంచి గ్రేడుది చూసుకోవాలి.

లైట్లు ఏ గోడకి? ఇంటి వైపు గోడకి, నీటి మట్టానికి అర మీటరు కింద. అప్పుడు వెలుగు ఇంటి నుంచి అవతలికి పోతుంది, వరండాలో కూర్చున్నవాళ్ల కళ్లలో కొట్టదు.

రంగు దగ్గర మావయ్యకీ నాకూ గొడవైంది. ఆయనకి నీలం కావాలి. నేనొకటే అడిగాను: "నీలం వెలుగులో, నీలం టైల్ మీద, నీలం నిక్కరు వేసుకున్న పిల్లాడు అడుగున ఉంటే కనిపిస్తాడా?" పూల్ లైటు మొదటి పని అడుగు కనిపించేలా చేయడం, అందం ఆ తర్వాత. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెల్లదే పెట్టించు" అన్నాడు. కొంచెం పసుపు కలిసిన తెలుపు తీసుకున్నాం. ఇంకో లాభం కూడా ఉంది. పక్కనే వరి చేలు. పురుగుల్ని పట్టడానికి రైతులు దీపపు ఎరలు పెడతారు కదా, నీలంగా మెరిసే పూల్ అంటే ఊరంతటికీ పెద్ద దీపపు ఎర పెట్టినట్టే. పసుపు వెలుగుకి పురుగులు కాస్త తక్కువ వస్తాయి.

లైట్లు వెలిగించిన సాయంత్రం పిన్ని కూడా వచ్చింది. పూల్ దగ్గరికి మాత్రం రాలేదు. పంపు గదిలో నా పక్కన నిలబడి బోర్డు చూస్తోంది. "ఇందులో ఏది నాన్నా నువ్వు చెప్పింది?" అంది. ఆర్‌సీసీబీ చూపించి, టెస్ట్ బటన్ నొక్కమన్నాను. భయపడుతూనే నొక్కింది. టక్‌మని పడిపోయింది. లైట్లు ఆరిపోయాయి. బయట నుంచి మావయ్య అరుపు, "ఏమైందిరా!"

పిన్ని అరుపు పట్టించుకోలేదు. "ఆ రోజు ఇది మా ఇంట్లో ఉండుంటే?" అంది.

"పడిపోయేది పిన్నీ. 30 మిల్లీ ఆంపియర్లకి సెకనులో మూడో వంతు కూడా పట్టదు."

తనే లివర్ పైకి ఎత్తింది. లైట్లు వచ్చాయి. "మా ఇంటికి ఎప్పుడు పెడతావు?" అని అడిగింది. ఆ మర్నాడే పెట్టించాం. బోర్డుని కూడా మెట్ల పక్కకి, తలెత్తు పైకి మార్చాం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆర్‌సీసీబీ ఉందని వరద నీళ్లలో దిగొద్దు. ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయంటే, నీళ్లు ప్లగ్గుల దాకా రాకముందే మెయిన్ ఆపేయండి. ఇవన్నీ యూట్యూబ్ చూసి మీరే బిగించుకునే పనులు కూడా కావు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. మీ వంతుగా ఏం అడగాలో తెలుసుకుంటే చాలు.

మీ ఇంట్లో పూల్ లేకపోవచ్చు. గీజరు ఉంది, మోటారు ఉంది, వాషింగ్ మెషీన్ ఉంది. వీడియో అయ్యాక లేచి మీ బోర్డు దగ్గరికి వెళ్లండి. టీ అని రాసిన చిన్న బటన్ ఉందా చూడండి. ఉంటే నొక్కండి. పడిపోతే మంచిది, నెలకోసారి అలా చూసుకోండి. నొక్కినా పడకపోతే, అసలు ఆ బటనే లేకపోతే, ఈ వారంలోనే మీ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.